పాత గ్లైడరు, పెద్ద రెక్క: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

థర్మకోల్ విమానం దుకాణంలో దొరుకుతుండగా మూడు మీటర్లు దాటే రెక్కలతో, రిమోటుతో నడిపే చెక్క గ్లైడరు ఎందుకు తాతా అని అడిగారు. పెద్దది నిదానంగా ఎగురుతున్నట్టు కనబడుతుంది, గాలి దాన్ని ఏం చేస్తున్నదో కంటికి కనబడుతుంది. అందుకే.

లెక్క చూడండి. జర్మనీలో ఎడ్మండ్ ష్నైడర్ 1931లో గ్రూనౌ బేబీ అనే ఇంజను లేని విమానం చేశాడు. ఆ వరుసలో పేరుపడ్డ 2బి రకానికి రెక్కలు కొస నుంచి కొసకు 13.57 మీటర్లు, మనిషితో కలిపి బరువు సుమారు 250 కిలోలు. మనం దాన్ని నాలుగో వంతుకు కుదించి చేస్తే రెక్కలు 3.39 మీటర్లవుతాయి. రెక్కల వైశాల్యం 16వ వంతుకు తగ్గితే బరువు 64వ వంతుకు, అంటే నాలుగు కిలోల దగ్గరికి దిగుతుంది. రెక్క మీద భారం తగ్గింది కనుక అసలు దాని వేగంలో సగంతోనే గాలిలో నిలబడుతుంది.

రెక్కలో ప్రాణమంతా స్పారులో, అంటే రెక్క పొడవునా సాగే దూలంలో ఉంది. వేపపుల్లను రెండు చేతులా పట్టుకుని కొసలు పైకి లేచేలా వంచండి: కింది వైపు సాగుతుంది, పై వైపు నలుగుతుంది. ఎగిరేటప్పుడు రెక్కకూ అంతే. అందుకని పైన ఒకటి, కింద ఒకటి ముడుల్లేని తిన్నని చెక్కపట్టీలు పెట్టి, వాటి మధ్య పలుచని బాల్సా (చాలా తేలికైన చెక్క) పలకలు అతికిస్తాం. ఆ పలకల నార నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే రెక్క వంగినప్పుడు పలక నార వెంబడి చీలుతుంది, పట్టీలు ఒకదాని మీదికొకటి ముడుచుకుంటాయి. ఈ పనిలో తొందర వద్దు.

రెక్క కొసల్ని, వెనుక అంచు కొద్దిగా పైకి ఉండేలా, రెండు డిగ్రీలు మెలితిప్పి కట్టాలి. అలా కడితే వేగం తగ్గినప్పుడు మొదట రెక్క మొదలు పట్టు వదులుతుంది, కొసలు ఇంకా మాట వింటాయి. ముక్కులో సీసం పోసి, ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో సుమారు మూడో వంతు దగ్గర తూకం కుదర్చాలి. తోక బరువైతే చేతికి లొంగదు.

ఎగరేయడానికి రబ్బరు తాడు చాలు; ఒక కొస నేలకు కట్టి, రెండో కొస గ్లైడరు కింది కొక్కేనికి తగిలించి సాగదీస్తాం. గాలికి ఎదురుగా వదిలితే పతంగిలా ఎక్కుతుంది, పైన తాడు కొక్కెం నుంచి విడిపోతుంది. ఆ తర్వాత పని మన నేలది. ఎండ ముదిరాక లతీఫ్ సాహెబ్ గుట్ట లాంటి బండగుట్టలు, దున్నిన చెల్కలు వేడెక్కి మీది గాలిని పైకి పంపుతాయి. పానగల్లు ఉదయసముద్రం మీద, తడి వరిమళ్ల మీద గాలి చల్లగా ఉంటుంది, అక్కడ గ్లైడరు దిగిపోతుంది. గద్దలు రెక్క ఆడించకుండా సుడి తిరుగుతుంటే అక్కడికే పోనివ్వండి, అవి తిరిగే వైపే తిప్పండి. ఎంత ఆశ పుట్టినా చూపు దాటనివ్వొద్దు. డ్రోన్ల వంటివి ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో స్థలం ఆకుపచ్చగా ఉందో లేదో ముందే చూడాలి. కరెంటు తీగలు, మేకలు, మనుషులు ఉన్న వైపు వద్దేవద్దు.

ఆదివారం రిబ్బుల, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డపలకల అచ్చు గీద్దాం. ఇనుప స్కేలు, సన్నమొన పెన్సిలు తెచ్చుకోండి.

మీ తాత,
నల్లగొండ