అమ్మ వచ్చేదాకానే నాన్న

2023 డిసెంబర్లో హాయ్ నాన్న రిలీజైనప్పుడు బెజవాడలో ఎవర్ని కదిపినా ఒకటే మాట, సింగిల్ ఫాదర్ కథ భలే కొత్తగా తీశారండీ అని. నాని బాగా చేశాడు, పాప ఇంకా బాగా చేసింది, అందులో పేచీ లేదు, కొత్త అన్న దగ్గరే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆడదిక్కు లేకుండా మగాడు పిల్లల్ని పెంచడం అనే కథ మనకి రామాయణ భారతాలంత పాతది, కాకపోతే దాదాపు ప్రతిసారీ వచ్చి వచ్చి ఒకే మలుపు దగ్గర, ఒక ఆడమనిషి రాక దగ్గర, ఆగుతుంది.

ఋష్యశృంగుడితో మొదలెడదాం. విభాండక ముని కొడుకుని అడవిలో ఒక్కడే పెంచాడు, కుర్రాడు తండ్రిని తప్ప ఇంకో మనిషిని ఎరగడు, ఆడవాళ్ళనేవాళ్ళు ఉంటారనే తెలీదు. అంగదేశంలో వానల్లేక, ఈ కుర్రాడు అడుగుపెడితే కురుస్తాయని అక్కడి రాజు రోమపాదుడు వాణ్ణి తీసుకురమ్మని వేశ్యల్ని పంపిస్తే, కుర్రాడు వాళ్ళనీ మునులే అనుకున్నాడు. తండ్రి ఇంటికి రాగానే, ఒక బ్రహ్మచారి వచ్చాడు నాన్నా, జడ ఎంత పొడుగో, మెడ కింద రెండు ఉండలున్నాయి, వాడిచ్చిన పళ్ళు మన పళ్ళలా లేవు అని ఒకటే వర్ణన. భారతంలో ఆ ఘట్టం చదువుతుంటే నవ్వాగదు. తండ్రేమో వాళ్ళు రాక్షసులురా, జోలికి పోకు అంటాడు. పోకుండా ఉంటాడా, అంగదేశం వెళ్ళి రోమపాదుడి కూతురు శాంతని పెళ్ళి చేసుకున్నాడు. మగాడి పెంపకం అంటే లోకం తెలీని పెంపకం అన్న ముద్ర అక్కడే పడింది.

కణ్వుడిది ఇంకో రకం. మేనక వదిలేసి పోయిన పిల్లని తెచ్చుకుని పెంచాడు. భారతంలో శకుంతల తనే దుష్యంతుడితో మాట్లాడుకుని, నా కొడుక్కే రాజ్యం ఇవ్వాలని షరతు కూడా పెడుతుంది. కాళిదాసు నాటకానికొచ్చేసరికి గౌతమి అనే పెద్దావిడ, అనసూయ, ప్రియంవద చుట్టూ చేరారు, అంటే ఆడపిల్ల పక్కన పెద్ద ఆడమనిషి లేకపోతే బాగోదని ఆయనకీ అనిపించినట్టుంది. కానీ నాలుగో అంకంలో పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు కణ్వుడి గొంతు పూడుకుపోతుంది, అడవిలో ఉండే నాకే ఇలా ఉంటే సంసారుల గతేంటి అంటాడు. పెంచిన తండ్రి బాధని అంతకంటే బాగా రాసింది నేనైతే చదవలేదు.

మరి మునులే ఎందుకు? మామూలు సంసారికి ఆ అవసరమే రానిచ్చేవాళ్ళు కాదు కాబట్టి. భార్య పోతే ఏడాది తిరక్కుండా మగాడికి మారుపెళ్ళి చేసేసేవాళ్ళు, అదే మొగుడు పోయిన ఆడపిల్లకి మళ్ళీ పెళ్ళంటే 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు ఊరితో యుద్ధం చేయాల్సొచ్చింది. ఇంక ఒంటరి తండ్రి ఎక్కడ కనపడతాడు, ఆ ఖాళీలోకి సవతి తల్లి వచ్చేస్తుంది, లేదంటే నాయనమ్మో మేనత్తో ఉండనే ఉంటారు. మన తెనాలి చక్రపాణి గారు, నాగిరెడ్డి గారు 1947లో పెట్టిన చందమామ తిరగేయండి, సవతి తల్లులు బోలెడుమంది, ఒంటరి నాన్నల్ని వెతుక్కోవాలి. అందుకే కథలో మగాడొక్కడే పిల్లల్ని పెంచాలంటే వాడు సంసారానికి బయటివాడై ఉండాలి, ముని కాకపోతే దొంగ, దొంగ కాకపోతే తాగుబోతు.

సినిమా ఈ లెక్కని అలాగే తీసుకుంది, మనదే కాదు, చాప్లిన్ 1921లో తీసిన ది కిడ్‌లో కూడా పిల్లాణ్ణి పెంచేది చిల్లిగవ్వ లేని దేశదిమ్మరి, చివర్లో డబ్బున్న తల్లి దొరుకుతుంది. 1968 పాప కోసంలో ఎస్వీ రంగారావు గ్యాంగు చేతిలో పాప పడుతుంది. 1987 పసివాడి ప్రాణంలో చిరంజీవి భార్య పోయి తాగుడికి బానిసైనవాడు. 1990 జగదేకవీరుడు అతిలోకసుందరిలో నలుగురు అనాథల్ని సాకే గైడు, ఆ ఇంట్లోకి ఏకంగా ఇంద్రుడి కూతురే దిగొస్తుంది. 2011లో విక్రమ్ నాన్న మనదగ్గర డబ్బింగై వచ్చింది, అందులో కోర్టులో గెలిచి మరీ పాపని పిన్నికి అప్పజెప్పేస్తాడు, చూస్తూ ఏడ్చాను కానీ ఇంటికొచ్చాక ఒళ్ళు మండింది. హాయ్ నాన్నలో కూడా (చూడనివాళ్ళు ఈ వాక్యం వదిలేయండి) కొత్తగా పరిచయమైన అమ్మాయే పాప కన్నతల్లి.

కొడుకైతే కాస్త నయం. 1998 సుస్వాగతంలో రఘువరన్, పవన్ కళ్యాణ్ ఫ్రెండ్స్‌లా ఉంటారు, అక్కడ ఆడదిక్కు లేదే అన్న బెంగ ఎవరికీ ఉండదు. కూతురైతే మాత్రం నేను చూసినవాటిల్లో ఎక్కువగా ఆరేడేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. శంకరాభరణంలో శారద పెద్దపిల్లే, అయినా అక్కడ విషయం పెళ్ళి. 1997 హిట్లర్‌లో ఐదుగురు చెల్లెళ్ళని పెంచిన అన్నకి పనంతా కాపలా కాయడమే.

మా గుంటూరు బ్రాడీపేటలో భార్య పోయిన ఒకాయన ఉన్నాడు, ఆటో తోల్తాడు. స్కూల్లో రెండు జడలు మడిచి రిబ్బన్ కట్టాలని రూలు, పొద్దున్నే అరుగు మీద పిల్లని కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, దువ్వెన కొనతో పాపిడి తీసి, మూడు పాయలు బిగించి అల్లుతాడు, రిబ్బన్ పళ్ళతో పట్టుకుని. గట్టిగా లాగుతున్నావ్ నాన్నా అని అది అరుస్తుంది. సినిమాలో ఇదే సీను పడితే జడ వంకర పోవాలి, జనం నవ్వాలి.

చట్టానికీ ఇదే అనుమానం. 1956 హిందూ దత్తత చట్టంలో మగాడు ఆడపిల్లని తీసుకోవాలంటే ఇద్దరికీ కనీసం 21 ఏళ్ళ తేడా ఉండాలని షరతు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారమైతే ఒంటరి మగాడికి ఆడపిల్లని ఇవ్వనే ఇవ్వరు, ఒంటరి ఆడవాళ్ళు ఎవర్నైనా తీసుకోవచ్చు. భయానికి కారణాలు లేవని అనను, కానీ ఈ లెక్కన కణ్వుడి అప్లికేషన్ కూడా రిజెక్టే. ఇంకోవైపు 2018 నుంచి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒంటరి తండ్రులకీ చైల్డ్ కేర్ లీవ్ ఇస్తున్నారు, మొత్తం సర్వీసులో 730 రోజులు. కూతురు టెన్త్ పరీక్షలకి ఆ లీవ్ పెట్టి ఇంట్లో కూర్చున్న క్లర్కు నాన్న మీద ఎవరైనా సినిమా తీస్తే ఫస్ట్ డే టికెట్ నాది, హీరోయిన్ లేకపోయినా పర్లేదు.