బ్రౌన్‌ఫీల్డ్ అంటే గోధుమరంగు పొలమా?

చి. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"పేపర్లో గ్రీన్‌ఫీల్డ్ అనీ బ్రౌన్‌ఫీల్డ్ అనీ రాస్తున్నారు, పొలాలకి రంగులెవరేశారు?" అని ఫోన్లో అడిగావు. అప్పుడు నేనూ మీ నాయనమ్మా ఆవకాయ జాడీలు కడుగుతున్నాం. జాడీతోనే చెబుతాను.

కొత్త జాడీ గ్రీన్‌ఫీల్డ్, అంటే ఇదివరకు ఏమీ కట్టని నేల. ఊరి బయట కొత్తగా కట్టి 2008లో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయం అలాంటిదే. (కొత్తదంటారు గానీ, అలాంటి నేలనూ ఎవరో ఒకరు దున్నుకునే ఉంటారు.) వాడిన జాడీ బ్రౌన్‌ఫీల్డ్, అంటే ఇదివరకు ఏదో కట్టి వాడిన నేల. చిక్కంతా దేన్ని వాడిందనాలో అక్కడుంది. ఇంగ్లండులో ఒకసారి వాడితే చాలు. పాత ఫ్యాక్టరీ, రైల్వే యార్డు, ఏదైనా సరే. అమెరికావాళ్లు వాసన చూస్తారు. నయాగరా ఫాల్స్ ఊళ్లో లవ్ కెనాల్ పేట కింద పూడ్చిన రసాయనాలు బయటపడి, 1978లో జనం ఇళ్లు వదిలిపోయారు. 1980లో అలాంటి నేలను శుద్ధి చేయించే చట్టం వచ్చింది. కొంటే ఖర్చు తమ నెత్తినే పడుతుందని పాత జాగాల జోలికి పోవడానికి జనం జంకారు. ఆ భయం తగ్గించడానికి 2002లో ఇంకో చట్టం చేశారు. దాని ప్రకారం విషం ఉండొచ్చన్న అనుమానం అడ్డుపడుతున్నా బ్రౌన్‌ఫీల్డే. నడుస్తున్న ఫ్యాక్టరీని పెంచినా మన పేపర్లలో అదే మాట. సగం ఆవకాయున్న జాడీలో ఇంకో నాలుగు కాయల ముక్కలు కలిపినట్టు!

నీ వయసులో నేను ఖాళీ ఆవకాయ జాడీలో బెల్లం దాచుకున్నాను. నెల తర్వాత నోట్లో పెట్టుకుంటే ఆవఘాటు! "బూడిదతో తోమి, మూడు రోజులు ఎండబెట్టాలిరా. కడిగే ఓపిక లేనివాడు ఊరగాయ పెట్టకూడదు" అంది మా అమ్మ. ఫ్యాక్టరీలు పెట్టేవాళ్లకీ చెప్పి ఉంటే బాగుండేది. లండన్ స్ట్రాట్‌ఫర్డ్‌లో 2012 ఒలింపిక్స్ కోసం పాత పరిశ్రమల నేలలోని మట్టిని యంత్రాల్లో వేసి నిజంగానే కడిగారు.

ఒక్కచోట మాత్రం నా జాడీ పనికిరాదు. ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున కాన్వీ దగ్గర, చమురు శుద్ధి కర్మాగారం కట్టబోయి సగంలో వదిలేశారు. ఆ బీడు నేలలో అరుదైన తేనెటీగలూ పురుగులూ కాపురం పెట్టాయి. వాటి కోసమే 2005లో దాన్ని రక్షిత స్థలం చేశారు. ఖాళీ జాడీలో ఏం మొలుస్తుంది చెప్పు?

మీ అపార్ట్‌మెంటు వెనక ప్రహరీ కట్టి వదిలేసిన జాగా ఉందిగా. ఆదివారం పొద్దున్నే గోడకి ఇవతలే నిలబడి చూడు. ఏమేం మొలిచాయో, ఏవి ఎగురుతున్నాయో, గోధుమరంగు అసలెక్కడుందో రాసి పంపు.

మీ తాతయ్య