పుట్టిన చోటు కాదు, పౌరసత్వం: మన రాజ్యాంగం అడిగిందేమిటి?

భారత ప్రధాని కావాలంటే ఈ దేశంలోనే పుట్టి ఉండాలా? అక్కర్లేదు. లోక్‌సభకు పోటీ చేసేవారు భారత పౌరులై ఉండాలని 84వ అధికరణ చెబుతుంది. రాష్ట్రపతి అభ్యర్థి పౌరుడై ఉండి 35 ఏళ్లు నిండాలంటుంది 58వది. ప్రధానికి విడిగా అర్హతలేవీ రాయలేదు. ఉభయ సభల్లో ఏదో ఒకదాంట్లో సభ్యత్వం ఉంటే సరి, లేకపోతే ఆరు నెలల్లో తెచ్చుకోవాలి. పుట్టుకతో వచ్చిన పౌరసత్వమా, తర్వాత పుచ్చుకున్నదా అని ఎక్కడా అడగలేదు.

రాజ్యాంగం రాసినవాళ్లు ఈ సంగతి మరిచిపోయారనుకోవడానికి వీల్లేదు. అమెరికా రాజ్యాంగం వాళ్లకు కొట్టినపిండి. అక్కడ అధ్యక్షుడు పుట్టుకతోనే పౌరుడై ఉండాలి. సైన్యం పరాయివాడి చేతికి పోకూడదని 1787 జులైలో అక్కడి నాయకుడు జాన్ జే, జార్జ్ వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఏడాదే ఆ షరతు రాజ్యాంగంలోకి ఎక్కింది. మనవాళ్లు దాన్ని తెచ్చుకోలేదు. 1947 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభలో పౌరసత్వం మీద చర్చ వచ్చినప్పుడు, జాతీయతను విశాలంగా చూసే పద్ధతి ఒకటి, ఇరుకుగా చూసేది ఒకటి ఉన్నాయని చెప్పి వల్లభ్‌భాయ్ పటేల్ విశాలమైన దాని వైపే నిలబడ్డారు. ఆ తర్వాత దేశం రెండు ముక్కలైంది. అటు వెళ్లినవారు, ఇటు వచ్చినవారు, వెళ్లి తిరిగొచ్చినవారు... వీళ్లలో ఎవరు పౌరులో తేల్చడం ఎంత కష్టమైందంటే, ఒక్కటి మినహా మరే అధికరణా ముసాయిదా కమిటీకి ఇంత తలనొప్పి తేలేదని 1949 ఆగస్టులో అంబేడ్కర్ సభలోనే చెప్పారు.

అసలు స్వపరిపాలన కావాలని గొంతెత్తినవారిలో బయట పుట్టినవారూ ఉన్నారు. అనిబిసెంట్ లండన్‌లో పుట్టారు. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టారు. 1916లో హోమ్ రూల్ లీగ్ మొదలుపెడితే మరుసటి ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది. విడుదలయ్యాక, 1917 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్‌కు ఆమే అధ్యక్షురాలు. ఇంగ్లండ్‌లో పుట్టిన నెల్లీ సేన్‌గుప్తా 1933లో ఆ పదవి చేపట్టారు. ఇలాంటి ఉద్యమంలోంచి వచ్చినవాళ్లు నాయకుణ్ని పుట్టిన ఊరు అడగకపోవడం నాకు సహజంగానే అనిపిస్తుంది. పైగా విభజన తర్వాత పుట్టిన ఊరే పరాయి దేశమైపోయిన లక్షల మంది మన మధ్యే ఉన్నారు. ప్రధానులు ఐ.కె. గుజ్రాల్, మన్మోహన్ సింగ్ పుట్టిన ఊళ్లు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నాయి.

ఈ ప్రశ్న గట్టిగా బయటికొచ్చింది 1999 మేలో. ఇటలీలో పుట్టిన సోనియా గాంధీని ప్రధాని అభ్యర్థిగా ఒప్పుకోబోమని శరద్ పవార్, సంగ్మా, తారిక్ అన్వర్ లేఖ రాశారు. కాంగ్రెస్ వాళ్లను బయటికి పంపింది, వాళ్లు ఎన్సీపీ పెట్టుకున్నారు. ఆమె 1983లో నమోదు పద్ధతిలో పౌరసత్వం తీసుకున్నారు. దాని మీద వేసిన పిటిషన్లు 2001లో సుప్రీంకోర్టులో నిలబడలేదు. 2004లో పదవి అందుబాటులోకి వచ్చినా ఆమె వద్దనుకున్నారు. ఆ వాదనలో ఏ పక్షాన ఉన్నా ఒకటి ఒప్పుకోవాలి: చట్టం తలుపు తెరిచే ఉంచింది, ఎవరు లోపలికి రావాలో తేల్చే పని ఓటర్లకూ పార్టీలకూ వదిలేసింది. నా దృష్టిలో అదే సరైన పద్ధతి.

అయితే తలుపు తెరిచి ఉన్నప్పుడు కాపలా కూడా మనదే. పౌరసత్వం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం చట్టం ఏ సడలింపూ ఇవ్వదు. మరో దేశపు పౌరసత్వం కోరి తీసుకున్న రోజే మన పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో వచ్చి ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ ఓటు లేదు, పోటీ లేదు. పిల్లలో, అన్నదమ్ములో అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఇది బాగా తెలిసిన విషయమే.

తెలిసినా అమలు ఎలా జరిగిందో తెలంగాణలోని వేములవాడ నియోజకవర్గం చూపించింది. చెన్నమనేని రమేష్ జర్మనీ పౌరసత్వం తీసుకుని, తిరిగొచ్చి, 2008లో భారత పౌరసత్వానికి దరఖాస్తు చేశారు. దరఖాస్తుకు ముందు వరుసగా ఏడాది ఇక్కడ ఉండాలన్నది నిబంధన. 2009 ఫిబ్రవరిలో పౌరసత్వం ఇచ్చారు, కొన్ని నెలలకే ఆయన ఎమ్మెల్యే అయ్యారు. ఆ ఏడాదిలో ఆయన ఇక్కడ వంద రోజులు కూడా లేరని తర్వాత విచారణలో తేలింది. ఓడిన అభ్యర్థి ఆది శ్రీనివాస్ కోర్టుకెక్కారు. 2013లో హైకోర్టు ఎన్నిక రద్దు చేస్తే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. కేంద్ర హోంశాఖ 2017లో పౌరసత్వం రద్దు చేసింది, కేసు తిరిగి హోంశాఖ దగ్గరికే వెళితే 2019లో మళ్లీ రద్దు చేసింది. ఈలోగా ఆయన 2010 ఉప ఎన్నికలోనూ, 2014, 2018లోనూ గెలిచారు. జర్మనీ పౌరసత్వం వదులుకున్నట్టు రాయబార కార్యాలయం నుంచి కాగితం చూపలేకపోయారు. 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు ఆయనను జర్మనీ పౌరుడిగానే తేల్చి 30 లక్షల ఖర్చులు విధించింది. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు చెల్లించాలంది. అప్పటికే ఏడాదిగా ఆది శ్రీనివాసే వేములవాడ ఎమ్మెల్యే.

ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో రాసే ఉంది. ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు పిటిషన్ వేయొచ్చు. కానీ పదిహేనేళ్ల పోరాటానికి సొంత డబ్బూ ఓపికా పెట్టగల ఓటరు ఎవరుంటారు? ఒకసారి విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు నామినేషన్ వేస్తే, దాన్ని వదులుకున్నట్టు ఆ దేశం ఇచ్చిన పత్రాన్ని రిటర్నింగ్ అధికారి అక్కడే అడిగేలా ఎన్నికల సంఘం నిబంధన తేవాలి.