వాడుకలో ఉన్నా వాలిపోతున్న కట్టడాలు: హైదరాబాద్ నేపథ్యం

పాత కట్టడాన్ని కొత్త అవసరానికి మలచుకోవడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక, నవాబుల దేవిడీలు (పెద్ద నివాస భవనాలు), మహళ్లు ఎన్నో ప్రభుత్వ కార్యాలయాలుగా, విద్యాలయాలుగా మారాయి. వాడుకే వాటిని కూల్చివేత నుంచి కాపాడింది. కానీ మరమ్మతు లేని వాడుక వాటినే లోలోపల తినేసింది.

ఇందుకు కోఠీ రెసిడెన్సీయే సాక్ష్యం. నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా ఉండే రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ హయాంలో, 19వ శతాబ్ది తొలినాళ్లలో కట్టిన ఆ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. ఒకప్పుడు వలస అధికారానికి నిలయమైన చోట తరతరాల ఆడపిల్లలు చదువుకోవడం ఈ నగరం గర్వించదగిన మార్పు. అయినా ఆలనాపాలనా కరవై భవనం శిథిలమవుతూ రాగా, కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తరువాతే పునరుద్ధరణ ఊపందుకుంది.

చట్టపరమైన రక్షణ కూడా ఒడుదొడుకులకు లోనైంది. వారసత్వ జాబితాలోని కట్టడాలను అనుమతి లేకుండా కూల్చరాదని, మార్చరాదని నగర జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన చెప్పేది. 2015లో ప్రభుత్వం దాన్ని తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆ తరువాత 2019లో, నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన, చాలాకాలం ప్రభుత్వ కార్యాలయాలకు నెలవైన ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభ భవనం కట్టాలని మంత్రివర్గం నిర్ణయించగా, అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

2010లో హోటల్‌గా తెరుచుకున్న ఫలక్‌నుమా మహల్ చక్కగానే ఉంది, కానీ సామాన్యుడికి అందదు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను ఇటీవల పునరుద్ధరించినప్పుడు మాత్రం అది బజారుగానే మిగిలింది. నగర సంస్కృతి నిలవాలంటే రాతిగోడలతో పాటు వాటి నీడన బతికే వ్యాపారాలూ నిలవాలి కాబట్టి, నా దృష్టిలో ఇదే మేలైన దారి.

పాత కట్టడాన్ని వాడుకలో ఉంచుతూనే కాపాడుకోవాల్సిన ఈ పరీక్ష ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రిది. మూసీ ఒడ్డున 1925 నాటికి పూర్తయిన పాత భవనంలోకి 2020 వానల్లో నీరు చేరడంతో రోగులను తరలించారు. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. పాత భవనంలో ఏం నడపాలో, దాని మరమ్మతుకు ఏటా నిధులు ఎవరివ్వాలో కొత్త ఆసుపత్రి పూర్తయ్యేలోపే తేల్చాలి.