లా చదువు: మన జిల్లాల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి సీట్లు నిండేదాకా ఫోన్లు వస్తూనే ఉంటాయి. దేవరకొండ నుంచి ఒక తండ్రి, హాలియా నుంచి ఒక టీచర్, కల్వకుర్తి నుంచి డిగ్రీ అయిపోయిన ఒక అమ్మాయి. మనుషులు వేరైనా భయాలు మాత్రం అవే. కొన్నాళ్లు నల్గొండ జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేసి, తర్వాత పాఠాలు చెప్పడంలోకి వచ్చినదాన్ని కాబట్టి ఈ భయాల్లో ఏది నిజమో, ఏది కాదో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అపోహ: ఇంగ్లిష్ రాకపోతే లా చదవలేరు.

తెలుగు మీడియం పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తున్నది ఈ మాటే. లాసెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ఉంటుంది. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు; ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కనీస మార్కుల నిబంధన కూడా లేదు. అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చేయడానికి పాస్ కావాల్సిన ఆలిండియా బార్ ఎగ్జామినేషన్‌ను కూడా తెలుగులో రాయొచ్చు.

ఇక కోర్టు సంగతి. కింది కోర్టులో సాక్షి తెలుగులోనే మాట్లాడతాడు. ఫిర్యాదు, పంచనామా, అమ్మకం దస్తావేజు అన్నీ తెలుగులోనే ఉంటాయి. పాత భూమి తగాదాల్లో నిజాం కాలం నాటి ఉర్దూ కాగితాలు కూడా బయటికొస్తాయి. తెలుగు దస్తావేజును గబగబా చదివి, అందులో సరిహద్దులు ఎక్కడ తప్పాయో పట్టుకోగలిగిన జూనియర్ అంటే సీనియర్లకు చాలా గురి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి వివాదంలో తీర్పునే తెలుగులో ఇచ్చింది.

అలాగని ఇంగ్లిష్ అక్కర్లేదని నేను చెప్పను. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టు వ్యవహారం ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది. తీర్పులు చదవాలంటే ఇంగ్లిష్ కావాల్సిందే. అయితే కావాల్సింది చదివి అర్థం చేసుకునే ఇంగ్లిష్. ధారాళంగా మాట్లాడటం తర్వాత మెల్లగా వస్తుంది. దాన్ని నేర్పాల్సింది కాలేజీయే.

మా క్లాసులో మొదటి నెలంతా బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని చట్టం మూలపాఠం, చదవడమే పని. ఉదాహరణకు భారతీయ న్యాయ సంహితలో దొంగతనం గురించి చెప్పే 303వ సెక్షన్. ఆ ఒక్క వాక్యాన్ని బోర్డు మీద ముక్కలు చేస్తాం: చరాస్తి కావాలి, అది ఇంకొకరి స్వాధీనంలో ఉండాలి, వాళ్ల సమ్మతి ఉండకూడదు, తీసుకునేవాడికి దురుద్దేశం ఉండాలి, వస్తువును కదిలించాలి. ఆ తర్వాత నల్గొండ బస్టాండులో ఫోన్ పోయిన కథ ఒకటి చెప్పి, ఏ ముక్క రుజువైంది, ఏది కాలేదు అని అడుగుతాను. చర్చంతా తెలుగులోనే. చివర్లో ఒక్కొక్కరు నాలుగే నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాసిస్తారు. దీపావళి నాటికి ఆ నాలుగు వాక్యాలు ఒక పేజీ అవుతాయి.

అపోహ: లా అంటే సెక్షన్లు బట్టీ పట్టడం.

సెక్షన్ల నంబర్లే చదువు అనుకున్నవాళ్లకు 2024 జులై 1న పెద్ద దెబ్బ తగిలింది. 511 సెక్షన్ల పాత శిక్షాస్మృతి ఐపీసీ పోయి 358 సెక్షన్ల న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే 302 కాస్తా 103 అయింది, మోసానికి అందరి నోటా నానిన 420 వెళ్లి 318లో చేరింది. నేరం అంటే ఏమిటో అర్థం చేసుకున్న విద్యార్థి కొత్త నంబర్లను వారంలో సర్దుకున్నాడు. నంబర్లు మాత్రమే తెలిసినవాడు మళ్లీ మొదటికొచ్చాడు. బార్ పరీక్షకైతే నోట్స్ లేని బేర్ యాక్ట్‌ను లోపలికి తీసుకెళ్లనిస్తారు కూడా.

గైడ్ పుస్తకం డిక్టేట్ చేసే పాఠానికీ, కేసు పట్టుకుని చేసే పాఠానికీ ఎంత తేడా ఉంటుందో ఒక్కసారి క్లాసులో కూర్చుంటే తెలుస్తుంది. కాంట్రాక్టు చట్టంలో మోహరీ బీబీ కేసు ప్రతి గైడ్‌లోనూ రెండు లైన్లలో ఉంటుంది: మైనరుతో ఒప్పందం చెల్లదు, ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు), 1903. దాన్నే నేను కథగా మొదలుపెడతాను. కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అనే మైనరు ఇళ్లు తనఖా పెట్టి, 12 శాతం వడ్డీకి 20 వేల రూపాయల పత్రం రాసిచ్చాడు. తాను మేజర్‌నని అందులో సంతకం కూడా చేశాడు. కానీ అప్పిచ్చినాయన తరఫు అటార్నీకి కుర్రాడు మైనరని ముందే ఉత్తరం వచ్చింది. ఇప్పుడు చెప్పండి, డబ్బు ఎవరిది?

ఈ ఏడాది మిర్యాలగూడ నుంచి వచ్చే ఒక అబ్బాయి వెంటనే లేచాడు. "డబ్బు తీసుకున్నోడు కట్టొద్దా మేడమ్? మేజర్‌నని రాసిచ్చిండు కదా!"

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అంది: "రాసిస్తే ఏంది? వయసు తెలిసే కదా వాళ్లు అప్పిచ్చింది. తెలిసి ఇచ్చినోళ్లు మోసపోయినమని ఎట్లంటరు?"

తీర్పులో కీలకమైన మాట అదే. నిజం తెలిసినవాడు, ఎదుటివాడు అబద్ధం చెప్పాడని అడ్డం తిరగడానికి వీల్లేదు. ఒకసారి చెప్పి నమ్మించిన మాటను తర్వాత కాదనకూడదనే ఎస్టాపెల్ సూత్రానికి ఉన్న హద్దు అది; ఆ సూత్రం పేరు తెలియకుండానే ఆ అమ్మాయి దాన్ని పట్టుకుంది. పేరు నేను చెప్పాను. ఆమె ఇక మర్చిపోదు.

ఈ పద్ధతికి టైమ్ ఎక్కువ పడుతుంది, సిలబస్ పూర్తి కాదని తోటి లెక్చరర్లు అంటారు. అది నిజమైన ఇబ్బందే. అందుకే ప్రతి సబ్జెక్టులో పది, పన్నెండు కేసుల్ని మాత్రమే ఇలా లోతుగా చేస్తాను. మిగతావి నోట్సు ఇచ్చేస్తాను.

అపోహ: క్లాసులో నిలబెట్టి దులిపేస్తేనే కోర్టులో నిలబడతారు.

ప్రశ్నలతో పాఠం నడపడం హార్వర్డ్‌లో 1870ల్లో లాంగ్‌డెల్ మొదలుపెట్టిన కేస్ మెథడ్‌తో వచ్చింది. అందులో ఉన్నది ప్రశ్న. అవమానించడం మనం కలిపింది. తండా నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటిన పిల్లాడిని పదిమందిలో నవ్వులపాలు చేస్తే వాడికి ధైర్యం రాదు. వాడు మర్నాటి నుంచి క్లాసుకు రావడం మానేస్తాడు. నేను ప్రశ్నను ముందురోజే ఇస్తాను, ఇద్దరిద్దరిని మాట్లాడుకోమంటాను, ఆ తర్వాతే లేపుతాను. జవాబు తప్పైతే, ఏ వాస్తవం మారితే ఆ జవాబు ఒప్పవుతుందో అడుగుతాను. వకీలు రోజూ చేసే పని అదే కదా.

అపోహ: కాలేజీకి వెళ్లక్కర్లేదు, అటెండెన్స్ మేనేజ్ చేసుకోవచ్చు.

ఇది మన దగ్గర బాగా పాతుకుపోయింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో ప్రతి సబ్జెక్టుకూ 70 శాతం హాజరు ఉండాలని స్పష్టంగా ఉంది. కరస్పాండెన్స్‌లో చదివిన ఎల్‌ఎల్‌బీతో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ కాలేరు. మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. మూట్ కోర్టుకు (క్లాసులో నడిపే నమూనా కోర్టు) 30 మార్కులు, కోర్టులో విచారణలు చూసి రాసే రికార్డుకు 30, క్లయింటును ఇంటర్వ్యూ చేయడం, ఇంటర్న్‌షిప్ డైరీకి 30, వైవాకు 10. ఈ వంద మార్కులూ ఇంకొకరి రికార్డు చూసి కాపీ కొట్టేస్తే వచ్చే నష్టం మార్కుల్లో కనపడదు. ఎదుటిపక్షం సాక్షిని ప్రశ్నించే మొదటి క్రాస్ ఎగ్జామినేషన్ రోజున కనపడుతుంది.

అయితే పిల్లలు క్లాసుకు ఎందుకు రారో కూడా చూడాలి. కొందరు ప్రైవేటు స్కూళ్లలో పాఠాలు చెబుతూ చదువుతున్నారు. కొందరు పత్తి ఏరే రోజుల్లో ఇంటి దగ్గర ఉండాల్సిందే. సాయంత్రం ఊరికి వెళ్లే ఆఖరి బస్సు తప్పితే ఆడపిల్లకు రాత్రి ఎక్కడ? కష్టమైన సబ్జెక్టుల క్లాసులను ఉదయం పదిన్నర తర్వాత, మధ్యాహ్నం మూడున్నరలోపు పెడితే హాజరు దానంతటదే పెరుగుతుంది. మేం పెట్టాం, పెరిగింది.

అపోహ: లీగల్ ఎయిడ్ క్లినిక్ అంటే బ్యానర్ కట్టి ఫొటో దిగడం.

జనానికి ఉచితంగా న్యాయసలహా ఇచ్చే ఆ క్లినిక్కే లా కాలేజీలో అన్నిటికంటే ఎక్కువ నేర్పే గది. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు ఉచిత న్యాయసాయానికి అర్హులు. వీళ్లలో ఎవరికీ ఆదాయ పరిమితి లేదు. ఈ సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. ఉచిత న్యాయసాయం హెల్ప్‌లైన్ 15100 నంబరూ తెలియదు.

విద్యార్థుల్ని ఊరికి తీసుకెళ్లే ముందు క్లాసులోనే రిహార్సల్ చేయిస్తాం. ఒకరు అవ్వగా కూర్చుంటారు, ఇంకొకరు వకీలు. అవ్వ సమస్య ఇది: భర్త ఇరవై ఏళ్ల కిందట సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం) మీద ఎకరంన్నర కొన్నాడు, పాసుపుస్తకం మాత్రం అమ్మినవాళ్ల కొడుకు పేరు మీద వచ్చింది. దాదాపు ప్రతి విద్యార్థి మొదట అడిగేది సర్వే నంబర్. అవ్వకు తెలియదు, బిక్కచచ్చిపోతుంది. రెండోసారి చేసినప్పుడు వాళ్లకు తెలిసొస్తుంది. ముందు అవ్వను కథ మొత్తం చెప్పనివ్వాలి. ఇప్పుడు దున్నుతున్నదెవరో, శిస్తు రసీదులో పాత పహాణీ (ఊరి భూమి రికార్డు) నకళ్లో ఇంట్లో ఏమున్నాయో అడగాలి. కాగితం రాసుకున్నప్పుడు సాక్షి సంతకం పెట్టినవాళ్లలో ఎవరు బతికున్నారో కనుక్కోవాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి కొత్త భూ రికార్డుల చట్టం భూభారతి అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తర్వాత ఏ అధికారి దగ్గరికి వెళ్లాలో చట్టం తెరిచి చూసుకోవాలి. ఎవిడెన్స్ పాఠం, రెవెన్యూ చట్టం, మనిషితో మాట్లాడే పద్ధతి మూడూ ఆ ఒక్క గంటలో వస్తాయి.

అపోహ: ఎల్‌ఎల్‌బీ అవగానే జడ్జి పరీక్ష రాసేయొచ్చు.

ఇక కుదరదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

అపోహ: నలభై దాటాక లా ఎందుకు?

లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. రెవెన్యూలోనో బ్యాంకులోనో పనిచేసి వచ్చినవాళ్లు క్లాసులో ఉంటే చిన్నవాళ్లకు ఎంతో లాభం.

అపోహ: కోటు వేసుకోవాలంటే చేతిలో లక్ష ఉండాలి.

అడ్వకేట్‌గా పేరు నమోదు చేసే ఎన్‌రోల్‌మెంట్ పేరుతో రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేసిన మాట నిజం. 2024 జులై 30న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. అడ్వకేట్స్ చట్టంలో ఉన్నంతే తీసుకోవాలి: జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు.

మొదటి రెండు మూడేళ్లు మాత్రం గడ్డుకాలమే, దాన్ని దాచను. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకు సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. మన జిల్లా కోర్టుల్లో అంత ఇచ్చేవాళ్లు తక్కువ. కాబట్టి ఫైనల్ ఇయర్‌లోనే రెండు పనులు చేయమని మా పిల్లలకు చెబుతాను. ఇంటర్న్‌షిప్‌ను ఎక్కువ ఫైళ్లు నడిచే ఆఫీసులో, మీ చేత డ్రాఫ్టింగ్ చేయించే సీనియర్ దగ్గర చేయండి. చేరేముందు డబ్బు సంగతి సిగ్గుపడకుండా అడగండి: "సార్, బస్ ఛార్జీలైనా వస్తాయా?" ఎవరు ఎలా జవాబిచ్చారో మీ తర్వాతి బ్యాచ్ వాళ్లకు చెప్పండి.