అణా పైసల లెక్కతో పాత దస్తావేజు అసలుదో కాదో తేల్చడం: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర పాత దస్తావేజులు చదివిపెట్టడం నా పని. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి తాతల నాటి కాగితాలు పట్టుకుని మనవాళ్లు వస్తుంటారు. ఆ మధ్య ఒకాయన 1951 నాటిదంటూ తాకట్టు పత్రం ఒకటి తెచ్చాడు. స్టాంపు కాగితం పాతదే. మడతలు, మరకలు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. "నెలకు నూటికి 75 పైసల వడ్డీ" అన్న చోట నా వేలు ఆగిపోయింది. ఆ రోజుల్లో అయితే "పన్నెండణాలు" అని రాయాలి, అంకెల్లో 0-12-0 (రూపాయలు-అణాలు-పైలు). అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు లేదా 12 పైలు. అంటే రూపాయికి 64 పైసలే కాబట్టి 75 పైసలంటే రూపాయి రెండణాల తొమ్మిది పైలు. "దిద్దేస్తే సరిపోతుందా సార్?" అని అడిగాడు పాపం.

అపోహ: అణాలుంటే 1957కు ముందుది, పైసలుంటే తర్వాతది.

వాస్తవం: రెండూ తప్పే. రూపాయికి వంద నయాపైసల లెక్క 1957 ఏప్రిల్ 1న మొదలైంది. అంతమాత్రాన ఆ తెల్లవారే అందరూ అణాలు మరిచిపోలేదు. పాత నాణేలు కొన్నాళ్లు చలామణిలోనే ఉన్నాయి, పద్దు పుస్తకాల్లో అణాలు ఇంకా నడిచాయి. 1958 కాగితంలో అణాలు కనబడితే నాకు టెన్షన్ ఏమీ లేదు. పాత అలవాటు తేదీ దాటి బతుకుతుంది. కొత్త లెక్క మాత్రం పుట్టకముందే కాగితం ఎక్కదు. నేను వెతికేది ఈ రెండోదాన్నే. "పావలా వడ్డీ" అని ఇప్పటికీ అంటున్నాం కదా, 25 పైసల నాణెం 2011లోనే పోయినా.

పైసా అన్న మాట కూడా 1957లో పుట్టలేదు. అంతకుముందు అణాకు నాలుగు పైసలు, మనవాళ్ల నోట కాణీ. పాత కాగితంలో "మూడు పైసలు" ఉంటే సహజమే, "యాభై పైసలు" ఉంటే ఆలోచించాలి. "నయా" అన్న మాటను ప్రభుత్వం 1964 జూన్ 1న తీసేసింది. "నయాపైసలు" అని రాసి 1955 తేదీ వేస్తే ఆ కాగితం పక్కన పెట్టేస్తాను.

అపోహ: దశాంశ చుక్క కనబడితే దొంగ కాగితమే.

వాస్తవం: పెద్ద మొత్తాలను "12.5 లక్షలు" అని రాయడం అణాల కాలంలోనూ ఉంది. చుక్క తర్వాత వంద పైసల లెక్క ఉందేమో చూడండి, చుక్కను కాదు.

అపోహ: కూడిక తప్పితే నకిలీ.

వాస్తవం: గుమాస్తాలూ మనుషులే. ఎలాంటి తప్పు అన్నదే అసలు సంగతి. జాబితాల్లో "రు. అ. పై." అని మూడు గళ్లు ఉంటాయి. ఆ "పై." పైసలు కాదు, పైలు. పన్నెండు పైలు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి. అందుకే పైల గడిలో 11 దాటకూడదు, అణాల గడిలో 15 దాటకూడదు. 3-10-6కు 2-9-9 కలిపితే 6-4-3. అలవాటున్న చెయ్యి తొందరలో 6-4-2 అని రాయొచ్చు. 5-19-15 అని రాసినవాడు మాత్రం అణాలతో ఒక్క రోజు కూడా బేరం ఆడలేదు. భాగపంపకాల జాబితా చేతికొస్తే ముందు మొత్తాలన్నీ కూడతాను, సిరా సంగతి తర్వాత.

పాత తెలుగు పద్దుల్లో గీతలు కూడా కనబడతాయి. నిలువు గీత పావలా (నాలుగణాలు), అడ్డగీత అణా. ఒక నిలువు గీత, మూడు అడ్డగీతలు ఉంటే ఏడణాలు. వీటిని కొట్టివేత అనుకుని కంగారుపడి వచ్చినవాళ్లూ ఉన్నారు.

అపోహ: వరహాలు (రూపాయికి ముందటి బంగారు నాణేలు) ఉంటే 1818కి ముందుదే.

వాస్తవం: మద్రాసులో రూపాయి ప్రామాణికమైంది 1818లో, వరహాకు మూడున్నర రూపాయల చొప్పున. కానీ పాత బాకీని తిరగరాసేటప్పుడు వరహాలు తర్వాత కూడా దొర్లుతాయి.

నిజాం వైపు కాగితాలది వేరే లోకం. అక్కడ హాలీ సిక్కా, అంటే నిజాం సొంత రూపాయి. ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు ఏడు హాలీ లెక్కన, నూరు కల్దార్ అంటే 116-10-8. మన నూటపదహార్ల ఆనవాయితీ ఇందులోంచే వచ్చిందని చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది కానీ, దాన్ని ఆధారంగా నేనెప్పుడూ రాయలేదు.

అపోహ: ముప్పై ఏళ్లు దాటిన పత్రాన్ని కోర్టు ప్రశ్నించదు.

వాస్తవం: పాత సాక్ష్య చట్టం 90వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 92, చెప్పేది "అసలుదని భావించవచ్చు" అనే. అదీ కాగితం ఉండాల్సిన చోటి నుంచి వస్తేనే. పైగా ఆ భావన సంతకం, చేతిరాత, సాక్షుల వరకే, లోపల రాసిన సంగతులకు కాదు. అందుకే నా దగ్గరికి ఒక్క కాగితమే తీసుకురాకండి. అదే పెట్టెలో ఉన్న శిస్తు రసీదులు, చీటీలు కూడా తెండి. దయచేసి దేనికీ లామినేషన్ చేయించకండి.