అక్క పెట్టెను మూడుసార్లు ఎందుకు తూకం వేసింది?

చిత్తూరు,
జులై, ఆదివారం

పిల్లలూ,

ఈ నెలలో మన చుట్టుపక్కల ఎక్కడ చూసినా రెండే రకాల బరువులు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరస కట్టిన తోతాపురి ట్రాక్టర్లు ఒకటి. నడింట్లో మూత తెరుచుకుని పడున్న పెద్ద పెద్ద పెట్టెలు రెండోది. ఏడో తరగతి చదివేవాడొకడు మొన్న నాకు చీటీ రాసి పంపించాడు: "తాతా, మా అక్క అమెరికాకి పొయ్యేది ఆగస్టులో గదా. ఇప్పుడే పెట్టెని మూడుసార్లు తూకమేసి మళ్లా ఇప్పేసింది. చేతిసంచిని మాత్రం ఎవుర్నీ తాకనీదు. ఎందుకు?"

మంచి ప్రశ్న. వీసా చట్టాలతో మొదలుపెడితే మీరు రెండో వాక్యానికే లేచిపోతారు. మామిడి అంటు తెచ్చి నాటడం మీరంతా చూసిందే కాబట్టి దాన్ని పట్టుకునే చెబుతాను.

నర్సరీలో అంటు కొన్నప్పుడు దాన్ని మెడ పట్టుకుని ఎత్తకూడదు. నల్ల కవరు అడుగున చెయ్యి వేసి మట్టిగడ్డతో సహా ఎత్తాలి. నీళ్లు తాగేవి లావు వేళ్లు కావు, వాటి చివర ఉండే వెంట్రుకల్లాంటి పీచువేళ్లు. గడ్డ చిట్లితే అవి తెగుతాయి. అయినా పైన ఆకులు నాలుగు రోజులు పచ్చగానే ఉంటాయి, ఆ తర్వాతే వాడతాయి. మీ అక్క చేతిసంచి ఆ మట్టిగడ్డే. అందులో పాస్‌పోర్టు, దానికి అంటించిన ఎఫ్-1 అనే విద్యార్థి వీసా, చేర్చుకుంటున్నామని విశ్వవిద్యాలయం పంపిన ఐ-20 కాగితం, సెవిస్ అనే విదేశీ విద్యార్థుల రికార్డు కోసం 350 డాలర్ల ఫీజు కట్టిన రసీదు, అడ్మిషన్ లెటరు, ఖర్చులకు డబ్బుందని చూపించే బ్యాంకు కాగితాలు ఉంటాయి. ఐ-20 మీద అక్క పెన్నుతో సంతకం పెట్టిందో లేదో ఒకసారి అడగండి. హడావుడిలో చాలామంది మరిచిపోయేది ఆ సంతకమే.

ఇవన్నీ పెద్ద పెట్టెలో భద్రంగా పెట్టొచ్చు కదా అంటారేమో. పెట్టకూడదు. కారణం విమానాశ్రయం కట్టిన తీరులోనే ఉంది. అమెరికాలో దిగగానే ముందు వచ్చేది ఇమ్మిగ్రేషన్ అధికారి కిటికీ. పెట్టెలు వచ్చే బెల్టు ఆ కిటికీ దాటాక ఉంటుంది. కాగితాలు పెట్టెలో ఉండి, మనిషి కిటికీ ముందు నిలబడితే ఏం చూపిస్తుంది? పక్క గదికి పంపి ఆరా తీస్తారు. కాగితం ఏదైనా తక్కువైతే ఐ-515ఎ అనే ఫారం చేతికిచ్చి కొద్ది రోజుల గడువు పెట్టొచ్చు, లేదా ఆ గడువు కూడా ఇవ్వకపోవచ్చు. ఇంకో సంగతి. అక్క చేరాల్సిన ఊరికి ఇంకో విమానం మారాలన్నా సరే, అమెరికాలో మొట్టమొదట దిగిన చోటే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. ఇది తెలియక నేరుగా రెండో విమానం దగ్గరికి పరిగెత్తేవాళ్లున్నారు. టికెట్టు తీసుకునేటప్పుడే రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోవాలి.

దిగాక ఉండబోయే ఇంటి చిరునామా, విశ్వవిద్యాలయం ఫోను నంబరు మాత్రం ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసి పెట్టమనండి. ఇరవై గంటల ప్రయాణం చేసిన ఫోనులో చార్జింగ్ ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇక మొక్క మెడకు కట్టిన చీటీ సంగతి. బంగినపల్లి అని చీటీ కట్టిన అంటు నిజంగా బంగినపల్లేనా కాదా అన్నది నాలుగైదేళ్లకు కాయ కాస్తే గానీ తేలదు. పేరులో తప్పూ అంతే, వెంటనే బయటపడదు. మన చిత్తూరు వైపు అరవ దేశం గాలి కొంత ఉంది, పేరుకు ముందు ఇంటిపేరు బదులు ఒక పొడి అక్షరం పెట్టుకునేవాళ్లు చాలామంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఉన్న పేరంతా రెండో గడిలో ఉంటే అమెరికా వీసా మీద ఏమవుతుందో తెలుసా? ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోతుంది. అసలు పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. తర్వాత బ్యాంకు కార్డు మీద, లైసెన్సు మీద అదే పేరు వెంటాడుతుంది. కాబట్టి దిద్దుకోవలసింది ముందు పాస్‌పోర్టును. అది తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో చేయించుకోవచ్చు. ఆ తర్వాత ఐ-20, దాని తర్వాతే వీసా ఫారం, విమానం టికెట్టు. ఈ వరస తిరగబడితే ఒక్కొక్కటీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి.

పేర్లంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు మద్రాసుకు చదువుకోను పోయేవాళ్ల ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో పేరు, ఊరు, జిల్లా రాయించేవాళ్లు. ఆ రంగు ఆరేదాకా పెట్టె చుట్టూ మేమందరం కాపలా. ఇప్పటి పెట్టెలకు రంగు పూయలేం కానీ పేరు, ఫోను, చేరే చిరునామా రాసిన కాగితం ఒకటి పెట్టె లోపల, బట్టల పైన పెట్టాలి. బయట కట్టిన చీటీ దారిలో ఊడిపోయినా లోపలిది పలుకుతుంది.

ఎప్పుడు నాటాలి? తొలకరి పడ్డాకే కదా. ఎండల్లో నాటితే నీళ్లు మోయలేక చస్తాం. అమెరికా కూడా ఇలాంటి ఒక గడువు పెట్టింది. ఐ-20 మీద చదువు మొదలయ్యే తేదీ ఉంటుంది, కొత్త విద్యార్థి దానికి 30 రోజుల కంటే ముందు ఆ దేశంలో అడుగు పెట్టకూడదు. టికెట్టు చౌకగా దొరికిందని ముందే దిగితే వెనక్కి పంపగలరు. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. చాలా విశ్వవిద్యాలయాలు తట్టు, గవదబిళ్లలకు వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు పడినట్టు డాక్టరు సంతకంతో కాగితం అడుగుతాయి. చిన్నప్పటి కార్డు పోతే మళ్లీ వేయించుకోవాలి, రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఇప్పుడర్థమైందా అక్క జులైలోనే ఎందుకు మొదలుపెట్టిందో? పుచ్చిన పన్ను ఉంటే ఇక్కడే చూపించుకోవాలి, కళ్లద్దాలు రెండు జతలు చేయించుకోవాలి. విద్యార్థుల ఆరోగ్య బీమాలో చాలావాటిలో పన్ను, కన్ను రెండూ ఉండవు. మందులైతే విప్పని అట్టలతో, ఇంగ్లీషులో రాసిన చీటీతో తీసుకుపోవాలి. మనం పారాసిటమాల్ అనేదాన్ని అక్కడ అసిటమినోఫెన్ అంటారు. జ్వరంతో దుకాణంలో నిలబడి ఆ పేరు వెతుక్కోవడం కంటే ఇక్కడే రాసుకుపోవడం మేలు.

ఇప్పుడు నువ్వడిగిన తూకానికి వస్తాను. దూరం పోయే మొక్కకు కొన్ని ఆకులు తుంచేస్తారు, చూశావా? వేళ్లు కుదురుకోకముందే అన్ని ఆకులకూ నీళ్లు అందించాలంటే మొక్క తట్టుకోలేదు. అక్క కూడా ఆకులు తుంచుతోంది. అమెరికా విమానాల్లో ఎక్కువగా రెండు పెట్టెలు ఇస్తారు, ఒక్కోటి 23 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు దాటకూడదు. ఖాళీ పెట్టే నాలుగు కిలోలు తూగుతుంది, కాబట్టి మిగిలేది 19. ఇంటి తూకానికి, విమానాశ్రయం తూకానికి తేడా వస్తుంది కనుక 22 దగ్గరే ఆపాలి. లేకపోతే చెన్నై మీనంబాకం విమానాశ్రయం కౌంటర్ ముందు, జనం చూస్తుండగా, నేల మీద పెట్టె విప్పి అమ్మ కట్టిన పొట్లాలు బయట పెట్టాల్సి వస్తుంది. మూడు నాలుగు గంటలు ప్రయాణం చేసి వెళ్లి చేయాల్సిన పని కాదది.

ఏం తీసేయాలి? బియ్యం మొదటిది. మన దేశపు బియ్యంలో, శనగల్లో ఖాప్రా అనే పురుగు ఉండొచ్చని అమెరికా వాళ్ల భయం, ప్రయాణికుల సామానులో వాటిని రానివ్వరు. పచ్చి కరివేపాకు రెండోది. దాన్ని ఆశించే చిన్న పురుగు ఒకటి నిమ్మ, నారింజ తోటలను తినేసే తెగులును మోసుకొస్తుంది. మన పెరట్లో ఊరికే వచ్చే రెబ్బ అక్కడి రైతుకు గండం. ఎండుకొబ్బరి మూడోది. దాంట్లో నూనె ఎక్కువ, వేడి చేరితే తనంతట తానే రాజుకునే వస్తువుల జాబితాలో దాన్ని చేర్చారు. దుబాయ్ మీదుగా పోయేవాళ్లయితే గసగసాలు, అవి వేసిన మసాలా ఒక్క చెంచా కూడా వద్దు. అక్కడ అది మత్తుపదార్థాల కేసు. కందిపొడి, కారప్పొడి పెద్ద పెట్టెలోనే పెట్టాలి. చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి డబ్బా కనిపిస్తే విప్పి సోదా చేస్తారు. దిగాక "తినేవి ఏమైనా ఉన్నాయా" అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. తిరుమల లడ్డూ మనకు ప్రసాదం, వాళ్ల లెక్కలో నెయ్యి వేసిన తినుబండారం. చెబితే మహా అయితే తీసేసుకుంటారు. దాచితే జరిమానా, పైగా అబద్ధం చెప్పినట్టు రికార్డు. ఇది లడ్డూకే కాదు, అన్నిటికీ అంతే.

ఊరగాయకు మాత్రం ఒక పేరా ఇవ్వాల్సిందే. తిరుమలకు బస్సులో పోయేటప్పుడు చిప్స్ ప్యాకెట్ ఒకటి చేతిలో పట్టుకుని చూడండి, కొండ పైకి చేరేసరికి కాస్త ఉబ్బి ఉంటుంది. పైకి పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. విమానం లోపల ఒత్తిడి తిరుమల కొండకు రెండింతలకు పైగా ఎత్తున్న చోట ఉండేంతే ఉంటుంది. సీసాలో పైన ఖాళీ ఉంటే అక్కడున్న గాలి ఉబ్బి నూనెను మూత సందుల్లోంచి తోసేస్తుంది. అందుకని ఈ ఏడు పెట్టిన ఆవకాయను ఇంకా కొన్ని రోజులు ఊరనిచ్చి, పైకి తేలిన నూనె వంచేసి, అర కిలో చొప్పున మందపాటి కవర్లలో గాలి లేకుండా వత్తి, వేడితో అతికించాలి. దానికి ఇంకో కవరు, దాని అతుకు మొదటిదానికి ఎదురువైపు వచ్చేట్టు. తర్వాత పాత తువ్వాలు చుట్టి పెట్టె నడిమధ్యన పెట్టాలి, అంచులకు కాదు. తెల్ల బట్టలు ఆ పెట్టెలో వద్దు. పెద్దవాళ్లు ఎంత చెప్పినా గాజు సీసాలోనే పెడతారు. అది వేరే సంగతి.

పవర్ బ్యాంకుది దీనికి వ్యతిరేకం. అది చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు. అంటుకుంటే మనిషి కంట పడాలి కదా. హద్దు 100 వాట్ అవర్లు. దాని మీద ఎంఏహెచ్ అని రాసిన అంకెను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగించండి. 20,000 అని ఉంటే 74 వస్తుంది, పర్వాలేదు. డబ్బు ఎక్కువ భాగం డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డులో ఉండాలి, నోట్లు 3,000 డాలర్లకు మించి తీసుకుపోనివ్వరు. అందులో కొన్ని ఐదులు, పదులు ఉండాలి.

నాటాక ఏంటి? మొక్కకు ఊతకర్ర పాతుతారు. అక్కడ ఆ ఊతకర్ర విదేశీ విద్యార్థుల ఆఫీసు. దిగిన వారంలోపు పోయి పాస్‌పోర్టు, ఐ-20 చూపించాలి. తను దేశంలోకి వచ్చినట్టు ఆన్‌లైన్లో ఐ-94 అనే రికార్డు ఉంటుంది. అది దించుకుని పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, ఎఫ్-1 అని పడిందా చూసుకోవాలి. తప్పుంటే అప్పుడే దిద్దించుకోవాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో చెప్పాలి. చదువు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే పని. బయట పెట్రోలు బంకులో, హోటల్లో ఎవరో చేస్తున్నారని చేస్తే వేళ్లే తెగిపోయినట్టు. దీని మీద మాత్రం నేను ఏ పోలికా చెప్పను, వద్దంటే వద్దు.

నాటిన కొత్తలో రెండు ఆకులు రాలతాయి. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది, మధ్యాహ్నం క్లాసులో కునుకు వస్తుంది. ఒళ్లు ఆ ఊరి పొద్దుకు అలవాటు పడేదాకా వారం, పది రోజులు అంతే. మీరు కంగారు పడి మందులు చెప్పొద్దు. అంటు కట్టిన చోట చుట్టిన ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది కదా, అతుకు కుదిరాక దాన్ని విప్పేస్తాం, లేకపోతే కాండం లావెక్కేకొద్దీ అదే గొంతు నులుముతుంది. పూటకోసారి వీడియో కాల్ కూడా అలాంటిదే అని నాకనిపిస్తుంది. మీ అమ్మకు ఈ మాట చదివి వినిపించొద్దు, నన్ను తిడుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఆగస్టులో మనకు సాయంత్రం ఏడయితే న్యూయార్కులో అదే రోజు ఉదయం తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు ఎనిమిదిన్నర అవుతుంది.

చివరగా మిక్సీ. అక్క తీసుకుపోతానంటుంది, నాన్న వద్దంటాడు. ఇద్దరూ వాదించుకోకముందే మీరు మీ ఇంటి మిక్సీని ప్లగ్గు తీసేసి బోర్లించి చూడండి. అడుగున ఒక చీటీ ఉంటుంది, 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని. అమెరికా గోడలో వచ్చేది 120. కరెంటు ఒత్తిడి సగమైతే వేడి సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది. అందుకే మన ఇస్త్రీపెట్టె అక్కడ గోరువెచ్చగా ఉంటుంది, మన మిక్సీలో పప్పు నలగదు. తర్వాత ఫోను చార్జరు మీది చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదవండి. అందులో 100 నుంచి 240 దాకా అని ఉంటే దానికి అడాప్టరు ఒక్కటి చాలు. ఇంట్లో ఇంకా ఏవేం వస్తువుల మీద ఏ అంకెలున్నాయో వరసగా రాసి వచ్చే ఆదివారానికి నాకు పంపండి. కుక్కరు మీద అంకె ఉండదు, దాని అడుగున అయస్కాంతం అతుక్కుంటుందా లేదా అన్నది రాయండి, ఇండక్షన్ పొయ్యి మీద పనికొస్తుందో లేదో దాంతోనే తెలుస్తుంది.

ఇట్లు,
మీ తాత